ప్రైమరీ పిల్లలకు సమస్యతో సైన్స్ చెప్పడం ఎలా?

పాఠమంతా చెప్పేసి, చివర్లో ఒక ప్రశ్న ఇచ్చి, దాన్నే సమస్య ఆధారిత బోధన అంటున్నారు. అది కాదు. సమస్య ముందు రావాలి, పాఠం దాని వెనక రావాలి. 1960ల చివర్లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వైద్య విద్యార్థులకు ఈ పద్ధతి పెట్టినప్పుడూ వరస ఇదే: ముందు రోగి సమస్య, తర్వాత చదువు. చిన్నపిల్లలకైతే ఈ వరస ఇంకా అవసరం. అవసరం పుట్టాక విన్న మాటే వాళ్లకు గుర్తుంటుంది.

ఒకే సైజు ఐసు ముక్కలు, చిన్న ప్లాస్టిక్ కవర్లు, ఉన్ని గుడ్డ, కాగితం, గడియారం చాలు. జట్టుకు నలుగురు. ఐదుగురు వద్దు, ఐదో పిల్లాడు చూస్తూ కూర్చుంటాడు.

సమస్య ఒక్క వాక్యంలో చెప్పండి: "ఫ్రిజ్ లేకుండా ఈ ఐసు ఎక్కువసేపు కరగకుండా ఉండాలి, ఏం చేద్దాం?" ఉష్ణ బంధకం (వేడిని త్వరగా దాటనివ్వని వస్తువు) అన్న మాట బోర్డు మీద రాయకండి. మాకు తెలిసినవి, తెలుసుకోవాల్సినవి అని ప్రతి జట్టూ రెండు గళ్లలో రాసుకుంటుంది.

పని చెడేది ఇక్కడే. "ఉన్ని చుడితే వేడెక్కి తొందరగా కరిగిపోతుంది టీచర్" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. స్వెటర్ వెచ్చగా ఉంటుంది కదా, వాళ్ల లెక్క అది. మీరు "కాదమ్మా" అన్నారంటే ఆ రోజు పాఠం అక్కడితో ఆగిపోయినట్టే. తల అడ్డంగా ఊపినా అంతే, పిల్లలు మన మొహం ఇట్టే చదివేస్తారు. "మరి ఎలా తేల్చుకుందాం?" అని మాత్రం అడిగి ఊరుకోండి. క్లాసు నిశ్శబ్దంగా ఉందని టెన్షన్ పడి జవాబు అందించకండి. మనసులో నెమ్మదిగా పది దాకా లెక్కపెట్టండి, ఈలోపు ఒకరు నోరు విప్పుతారు.

అలాగని గాలికి వదిలేయడమూ తప్పే. ఒక జట్టు గుడ్డ చుట్టిన ఐసును కిటికీ దగ్గర ఎండలో, చుట్టనిదాన్ని నీడలో పెడుతుంది. అప్పుడు వెళ్లి, "తేడా వస్తే అది గుడ్డ వల్లా, ఎండ వల్లా?" అని అడగండి. వాళ్లే రెండూ ఒకచోట పెడతారు. మార్చాల్సింది ఒక్కటే అన్న సంగతి పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

ఐసును కవర్లో మూటగట్టాకే చుట్టించండి, లేకపోతే గుడ్డ తడిసిపోతుంది. అరగంటయ్యాక అన్నీ ఒకేసారి విప్పి, మిగిలిన ముక్కల బొమ్మలు గీయించండి.

పాఠం చెప్పేది ఇప్పుడు: ఉన్నిలో చిక్కుకున్న గాలి బయటి వేడిని త్వరగా లోపలికి రానివ్వదు. స్వెటర్ వేడి పుట్టించదు, ఒంటి వేడిని త్వరగా పోనివ్వదు. మరి వేడి నీళ్లు చల్లారకుండా ఇదే గుడ్డ పనికొస్తుందా? జవాబు చెప్పకుండా బెల్లు కొట్టనివ్వండి. దాన్ని రేపు వాళ్లే చేసి చూడాలి.