"మనకెందుకులే" అని ఇంగ్లీష్‌లో చెప్పాలంటే

ఆఫీస్‌లో ఇద్దరు గొడవ పడుతుంటే నేను మధ్యలో తలదూర్చను అని చెప్పడానికి చాలామంది "ఐ యామ్ నాట్ ఇంట్రెస్టెడ్" అనేస్తారు, వినేవాళ్లకి అది కాస్త పొగరుగా తగుల్తుంది, దానికి బదులు "ఐడ్ రాదర్ స్టే అవుట్ ఆఫ్ ఇట్" అనండి, మర్యాదగా ఉంటుంది. "మైండ్ యువర్ ఓన్ బిజినెస్" మాత్రం నీ పని నువ్వు చూస్కో అని కసురుకోవడమే, మేనేజర్ దగ్గర అస్సలు వద్దు.

బాగా తికమక పెట్టేది డిసింట్రెస్టెడ్. అన్‌ఇంట్రెస్టెడ్ అంటే ఆసక్తి లేనివాడు, డిసింట్రెస్టెడ్ అంటే అందులో తనకి సొంత లాభం ఏమీ లేనివాడు, పొలం గట్టు తగాదా తీర్చే పెద్దమనిషి డిసింట్రెస్టెడ్‌గా ఉండాలి గానీ అన్‌ఇంట్రెస్టెడ్‌గా కూర్చుని ఆవలిస్తుంటే ఎలా? (ఇప్పుడు ఇంగ్లీషోళ్లే చాలామంది రెండూ కలిపేస్తున్నారు లెండి.)

ఓటింగ్‌లో ఎటూ వెయ్యకపోతే అబ్‌స్టెయిన్, 2022 మార్చిలో యుక్రెయిన్ తీర్మానం మీద ఐరాసలో ఇండియా చేసింది అదే. జడ్జి తనకి సంబంధం ఉన్న కేసు నుంచి తప్పుకుంటే రిక్యూజ్. "సిటింగ్ ఆన్ ద ఫెన్స్" అంటే దాదాపు మన గోడమీద పిల్లి, ఎవర్నైనా అలా అంటే పొగడ్త అనుకోరు మరి.