పుట్టగొడుగుల కషాయం: బీటా-గ్లూకాన్ నీళ్లలోకి దిగాలంటే

రేషి, టర్కీ టెయిల్ పుట్టగొడుగుల ముడి పొడిని చల్లటి నీళ్లలో కలుపుకుని తాగేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే మన తెల్లరక్తకణాల్ని అప్రమత్తం చేస్తుందని మనం కోరుకునే బీటా-గ్లూకాన్ అనే పాలీశాకరైడ్ (చక్కెర అణువులు గొలుసులా కలిసిన పదార్థం) ఆ కణాల గోడల్లో కైటిన్ అనే గట్టి పదార్థంతో పెనవేసుకుని ఉంటుంది, ఆ కైటిన్ మనకు సరిగా అరగదు. దాన్ని బయటికి లాగాలంటే వేడినీళ్లు కావాలి, ఓపికా కావాలి.

ఎండు పుట్టగొడుగుల్ని సన్నగా తరగండి. 10 గ్రాములకు లీటరు నీళ్లు పోసి, మరిగాక మంట తగ్గించి, మూతపెట్టి రెండు గంటలు సన్నని సెగ మీద ఉంచండి, మధ్యలో నీళ్లు ఇగిరిపోతే ఇంకాస్త పోయండి. వడకట్టాక పిప్పిని పారేయకుండా ఇంకోసారి కాచండి. రేషి కషాయం బాగా చేదు, అయితే ఆ చేదు ట్రైటెర్పీన్లు అనే వేరే పదార్థాలది, కాబట్టి చేదును బట్టి బీటా-గ్లూకాన్ ఎంతుందో చెప్పలేం. ట్రైటెర్పీన్లు ఆల్కహాల్‌లో బాగా దిగుతాయి, పాలీశాకరైడ్లు దిగవు, అందుకే ఒట్టి టింక్చర్ (ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన సారం) ఈ పనికి రాదు.

రెడీమేడ్ పొడి కొంటే లేబుల్ మీద 'పాలీశాకరైడ్లు' అని పెద్ద శాతం చూసి మురిసిపోకండి. పిండిపదార్థం కూడా పాలీశాకరైడే! ధాన్యం మీద మైసీలియం (పుట్టగొడుగుకు వేళ్లలాంటి సన్నని పోగులు) పెంచి, ఆ ధాన్యంతో సహా పొడి కొట్టేసినా ఆ అంకె ఘనంగానే కనిపిస్తుంది. బీటా-గ్లూకాన్ శాతం విడిగా రాసి ఉందా లేదా, అదీ చూడాల్సింది. అనుమానంగా ఉంటే చెంచాడు పొడిని నీళ్లలో మరిగించి, పూర్తిగా చల్లారాక టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేయండి, ముదురు నీలంగా మారితే అందులో పిండి ఉన్నట్టే. ఆ నీళ్లు మాత్రం తాగకండి.

ఇక లోపల జరిగేది ఏమిటంటే, మన తెల్లరక్తకణాల మీద ఉండే డెక్టిన్-1 అనే గ్రాహకం బీటా-గ్లూకాన్‌ను గుర్తుపట్టి కణాన్ని అప్రమత్తం చేస్తుంది. జపాన్‌లో టర్కీ టెయిల్ నుంచి తీసిన పీఎస్‌కే అనే మందును, షిటాకే అనే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్ అనే బీటా-గ్లూకాన్ ఇంజెక్షన్‌ను క్యాన్సర్ చికిత్సకు తోడుగా వాడారు. తోడుగా మాత్రమే, చికిత్స మానేసి కాదు. ఇంట్లో కాచిన కషాయం ఆ మందులతో సమానమూ కాదు.

అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, ఇమ్యూనిటీని తగ్గించే మందుల మీద ఉన్నవాళ్లు, ఆటోఇమ్యూన్ జబ్బులు (ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే దాడి చేసేవి) ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి వెళ్లకండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు రేషితో ఇంకా జాగ్రత్త అవసరం. షిటాకేను పచ్చిగా, సగం ఉడికించి తినకండి, కొందరికి ఒంటి మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు లేస్తాయి.