టెంపరేచర్ ముల్లు పైకి లేవకపోతే: చల్లగా ఉండిపోయే ఇంజిన్‌లో తప్పు పట్టుకోవడం

బండి తీసి అరగంట దాటినా టెంపరేచర్ ముల్లు అడుగునే ఉంటుంది. హీటర్ వేస్తే గోరువెచ్చటి గాలే వస్తుంది. మైలేజీ తగ్గుతుంది, కొన్నాళ్లకు చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే ఎక్కువసార్లు కనిపించే కోడ్ పి0128. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి ఉండాల్సిన స్థాయికి, చేరాల్సిన సమయంలో చేరలేదని దాని అర్థం. కూలెంట్ తగినంత వేడెక్కేదాకా దాన్ని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వే థర్మోస్టాట్. అది పాడైందని ఆ కోడ్ చెప్పదు. కోడ్ చూసి నేరుగా పార్టు కొనేస్తే డబ్బు దండగ కావొచ్చు.

ఇంజిన్ చల్లగా ఉంటే మంచిదే కదా అనుకునేవాళ్లు చాలామంది. అది తప్పు. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఎక్కువ పెట్రోలు పోస్తుంది. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్‌లో చేరిన తేమ ఎగిరిపోయేంత వేడి ఉండదు కాబట్టి ఆయిల్ మూత లోపల తెల్లటి మీగడలాంటి జిడ్డు పేరుకుంటుంది. డీజిల్ బండిలో పొగ ఫిల్టర్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకునే పని మొదలే కాకపోవచ్చు. వేడెక్కిపోతోందని ఎవరో థర్మోస్టాట్ పీకేసిన బండ్లకూ ఇవే కష్టాలు. అసలు జబ్బు ఏ మూసుకుపోయిన రేడియేటర్‌లోనో అలాగే ఉంటుంది, దానికి ఇది తోడవుతుంది.

ముందుగా చూడాల్సింది కూలెంట్ మట్టం

రాత్రంతా ఆపి ఉంచిన బండి మీదే ఈ పని. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ఎగదన్ని ముఖం, చేతులు కాలుతాయి. చల్లారాక మూత తీసి చూస్తే కూలెంట్ అంచుదాకా కనిపించాలి. రేడియేటర్‌కు మూత లేని బండ్లలో ట్యాంకు మీది రెండు గీతల మధ్య ఉండాలి.

కూలెంట్ తగ్గితే దాని వేడిని కొలిచే సెన్సర్ మొన నీళ్లలో కాక గాలిలో ఉండిపోవచ్చు. అప్పుడు ఇంజిన్ లోపల కాగిపోతున్నా ముల్లు చల్లగానే చూపిస్తుంది. ఈ లక్షణం వెనక ఉండగల కారణాల్లో ఇదే ప్రమాదకరమైనది, అందుకే ముందుగా దీన్ని చూడమంటున్నాం. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఆ కారుడు తేల్చకుండా మిగతా పరీక్షలకు వెళ్లొద్దు.

స్టార్ట్ చేయకముందే ఒక అంకె

బండి కంప్యూటర్‌లోని అంకెలను చదివే, చవకగా దొరికే ఓబీడీ బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్ చాలు. రాత్రంతా ఆగిన బండికి ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ తిప్పకుండా, కూలెంట్ టెంపరేచర్, లోపలికి పీల్చే గాలి టెంపరేచర్ రెండూ చదవండి. రెండూ బయటి వేడికి దగ్గరగా, ఒకదానికొకటి 5 డిగ్రీల లోపు తేడాతో ఉండాలి. గాలి 27 చూపిస్తుంటే కూలెంట్ 8 చూపించిందనుకోండి, అనుమానం సెన్సర్ మీదికో దాని వైర్ల మీదికో వెళ్లాలి. మైనస్ 40 చూపిస్తే సర్క్యూట్ తెగిపోయింది, లేదా కనెక్టర్ ఊడింది.

మీటరు ముల్లును నమ్ముకుని తీర్పు ఇవ్వొద్దు. చాలా బండ్లలో 75 నుంచి 105 దాకా ముల్లు నడిమధ్యే కదలకుండా ఉండేలా అమర్చి ఉంటారు. పాత బండ్లలో మీటరుకు ఒక సెన్సర్, ఈసీయూకి వేరే సెన్సర్ ఉంటాయి కూడా. స్కానర్ 90 చూపిస్తూ ముల్లు మాత్రం కిందే ఉంటే ఇంజిన్‌కు ఏ జబ్బూ లేదు. తప్పు మీటరు వైపుది.

పైపు పట్టుకుని చూడటం

అసలు విషయం ఇక్కడే తేలుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి, యాప్‌లో అంకె పెరుగుతుండగా రేడియేటర్ పై పైపును చేత్తో పట్టుకోండి. ఫ్యాన్ ఎప్పుడైనా తిరగొచ్చు కాబట్టి వేళ్లు, చొక్కా చేతులు దానికి దూరంగా ఉండాలి. థర్మోస్టాట్ బాగుంటే అంకె 40, 60, 75 దాటుతున్నా పైపు చల్లగానే ఉంటుంది. 80 నుంచి 90 మధ్య ఎక్కడో వాల్వ్ తెరుచుకుంటుంది. అప్పుడు ఉన్నట్టుండి పైపులోకి వేడి దూసుకొస్తుంది, కాసేపటికి చెయ్యి పెట్టలేరు. అదే క్షణంలో యాప్‌లోని అంకె నాలుగైదు డిగ్రీలు పడి మళ్లీ కోలుకుంటుంది. అలా పడటం లోపం కాదు, వాల్వ్ తెరుచుకుందనడానికి గుర్తు.

అలా కాకుండా 40 డిగ్రీల దగ్గరే పైపు గోరువెచ్చగా మొదలై, అంకెతో పాటే మెల్లమెల్లగా వేడెక్కుతుంటే వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయినట్టే. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది పైపు చివర ఉంటుంది. వాటిలో పై పైపు కొంచెం ముందే వెచ్చబడినా తప్పు కాదు, చూడాల్సింది కింది పైపు. థర్మోస్టాట్ ఎటు ఉందో ముందే తెలుసుకోకపోతే ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది.

వాల్వ్ కొద్దిగానే సందు వదిలితే నిలబెట్టిన బండిలో దొరకదు. నిలిచి ఉన్నప్పుడు అంకె 88కి చేరుతుంది, హైవే మీద వేగం అందుకోగానే 65, 70కి జారుతుంది, సిగ్నల్ దగ్గర మళ్లీ పెరుగుతుంది. ఇలా ఎదురుగాలికి పడి, ఆగితే లేచే ఇంజిన్‌లో తప్పు థర్మోస్టాట్‌దేనని దాదాపు తేలిపోయినట్టే. నడుపుతూ యాప్ చూడొద్దు, పక్కన కూర్చున్నవాళ్లకు అప్పగించండి, లేదా యాప్‌లో రికార్డు పెట్టి తర్వాత చూసుకోండి.

ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతోంది, అందుకే చల్లబడుతోంది అని కొందరు రిలే (ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే స్విచ్చు) మారుస్తారు. ఏసీ ఆపి ఉంచినా చల్లటి ఇంజిన్‌కు ఫ్యాన్ తిరుగుతోందంటే రిలే అతుక్కుని ఉండొచ్చు, లేదా సెన్సర్ సిగ్నల్ అందక ఈసీయూ ముందుజాగ్రత్తగా తిప్పుతూ ఉండొచ్చు. దాన్ని సరిచేయాల్సిందే. కానీ ఫ్యాన్ చల్లబరిచేది రేడియేటర్‌లోకి వచ్చిన నీటినే. వాల్వ్ గట్టిగా మూసుకుంటే ఆ నీరు ఇంజిన్‌లోకి పోదు. ఒక్క ఫ్యాన్ వల్ల ఇంజిన్ వేడెక్కకపోవడం అరుదు.

సెన్సర్ నిజం చెబుతోందా

రెండు పిన్నుల సెన్సర్ అయితే మల్టీమీటర్‌తో తేల్చుకోవచ్చు. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఎక్కువ సెన్సర్లలో 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్‌లు, 80 దగ్గర 300 ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. కచ్చితమైన అంకెలు బండి సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. ఇంజిన్ వేడిగా ఉండి కూడా సెన్సర్ చల్లగా ఉందని చెబుతుంటే పెట్రోలు వాసన, నల్లటి పొగ వస్తాయి. ఫ్యాన్ సమయానికి తిరగదు కూడా, కాబట్టి ఆ బండిని అలాగే నడపడం మంచిది కాదు. సెన్సర్ మార్చేముందు కనెక్టర్ ఊడదీసి పిన్నులకు పచ్చటి చిలుము పట్టిందేమో చూడండి.

విప్పి, నీళ్లలో వేసి చూడటం

ఇంజిన్ పూర్తిగా చల్లారాక కింద తొట్టి పెట్టి ఒకటి రెండు లీటర్ల కూలెంట్ దింపి, థర్మోస్టాట్ కూర్చునే హౌసింగ్ బోల్టులు విప్పండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లలకు, జంతువులకు అందకుండా పెట్టి, ఒలికింది వెంటనే తుడిచేయాలి.

థర్మోస్టాట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే వాల్వ్ అంచు చుట్టూ సందు కనిపించకూడదు. అంచున ఒకచోట చిన్న రంధ్రం, అందులో వదులుగా ఆడే పిన్ను ఉంటే అది గాలి పోవడానికి పెట్టిందే, లోపం కాదు. థర్మోస్టాట్ మీద అది తెరుచుకునే వేడి, 82, 88 లాంటి అంకె, ముద్రించి ఉంటుంది. మూసి ఉన్న వాల్వ్ సందులో ఒక దారం ఇరికించి, వంటకు వాడని గిన్నెలోని నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీయండి. పక్కనే థర్మామీటర్ కూడా అడుగు తాకకుండా ఉండాలి. మంట చిన్నగా పెట్టండి. వాల్వ్ తెరుచుకోవడం మొదలవగానే దారం జారి థర్మోస్టాట్ కింద పడుతుంది. ఆ క్షణాన థర్మామీటర్ చూపేది ముద్రించిన అంకెకు రెండు మూడు డిగ్రీల లోపు ఉండాలి. మరో 10, 15 డిగ్రీలకు పూర్తిగా, 8 మిల్లీమీటర్ల దాకా తెరుచుకోవాలి. నీళ్లలోంచి తీసి చల్లారనిస్తే బిగుతుగా మూసుకోవాలి. తెరుచుకోవడం చూసి సంతోషపడి మూసుకోవడం చూడనివాళ్లు పాత జబ్బునే తిరిగి బిగిస్తారు. ఈసీయూ నడిపే, 100 దాటాక తెరుచుకునే రకాలకు ఈ గిన్నె పరీక్ష పనికిరాదు.

కొత్తది అదే అంకెది కొనండి. 88 ఉన్నచోట 76ది వేస్తే కోడ్ తిరిగొస్తుంది. స్ప్రింగు ఉన్న వైపు ఇంజిన్ లోపలికి, గాలి పిన్ను ఉంటే పైకి రావాలి. అల్యూమినియం అంచును గీతలు పడకుండా తుడిచి, కొత్త గ్యాస్కెట్ లేదా ఓ-రింగ్ వేసి, బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి సమంగా బిగించండి. 6 మిల్లీమీటర్ల బోల్టులకు సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. ప్లాస్టిక్ హౌసింగ్ అయితే అంతకు మించి బిగిస్తే చీలుతుంది.

మాన్యువల్ చెప్పిన రకం కూలెంట్‌నే, కాన్సన్‌ట్రేట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి, మెల్లగా పోయండి. రంగు కలిసింది కదా అని వేరే రకం కలపొద్దు. గాలి వదిలే స్క్రూ ఉంటే బుడగలు ఆగేదాకా తెరిచి ఉంచండి. హీటర్ పూర్తి వేడికి తిప్పి, ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉండండి. ఈలోగా హీటర్ గాలి వేడిగా వచ్చి మళ్లీ చల్లబడుతుంటే లోపల ఇంకా గాలి చిక్కుకుని ఉంది. పూర్తిగా చల్లారాక మట్టం పడిపోయి ఉంటే నింపండి. కోడ్ చెరిపేసి, మర్నాడు చల్లటి ఇంజిన్‌తో అదే దారిలో నడిపి అంకెలు రికార్డు చేయండి. హైవే వేగంలో కూడా థర్మోస్టాట్ మీద ముద్రించిన అంకె దగ్గర నిలబడితే పని అయినట్టు. ఆ సాయంత్రం హౌసింగ్ కింద తడి ఉందేమో ఒకసారి టార్చి వేసి చూడండి.