సింథసైజర్ భాషని చెవితో నేర్చుకోవడం ఎలా?

సింథసైజర్ అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే వాయిద్యం. దాని గురించి రెండు వీడియోలు చూస్తే చాలు, ఆసిలేటర్, కటాఫ్, ఎన్వలప్, ఎల్‌ఎఫ్‌ఓ అంటూ బుర్ర వేడెక్కిపోతుంది. వీటిని బట్టీ పట్టకండి. దాదాపు ప్రతి మాటకీ ఒక నాబ్ ఉంటుంది, దాన్ని తిప్పినప్పుడు శబ్దంలో ఏం మారిందో చెవికి తెలిస్తే మాట దానంతటదే గుర్తుండిపోతుంది. పైసా ఖర్చు అక్కర్లేదు. సర్జ్ ఎక్స్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సింథ్‌ని కంప్యూటర్‌లో వేసుకోండి, వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. బ్లూటూత్‌వి వద్దు, కీ నొక్కిన కాసేపటికి గానీ శబ్దం వినపడదు. ఆ ఆలస్యం పేరే లేటెన్సీ. చూశారా, ఒక మాట అయిపోయింది.

ముందుగా ప్రీసెట్ల (ముందే తయారుచేసి పెట్టిన శబ్దాల) జోలికి పోకుండా ఇనిట్ ప్యాచ్ తెరవండి. ప్యాచ్ అంటే నాబ్‌లన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో దాచుకున్న సెట్టింగ్. ఇనిట్‌లో హంగులేమీ ఉండవు, మనకి కావాల్సింది అదే. రివర్బ్ (మారుమోత), డిలే (ప్రతిధ్వని) లాంటి ఎఫెక్ట్‌లు ఆన్‌లో ఉంటే ఆపేయండి, అవి ఉంటే అసలు మార్పు వినపడి చావదు.

ఇప్పుడు ఒక కీ నొక్కి ఉంచండి. శబ్దాన్ని పుట్టించేది ఆసిలేటర్. వేవ్‌ఫామ్ అంటే శబ్ద తరంగం ఆకారం. అది శా (రంపం పళ్ళ ఆకారం) అయితే గరుకుగా ఉంటుంది, సైన్‌కి మారిస్తే ఆ గరుకంతా పోయి ఈల వేసినట్టు మిగులుతుంది, స్క్వేర్ పెడితే పాత వీడియో గేమ్ గుర్తొస్తుంది. రెండో ఆసిలేటర్ కూడా ఆన్ చేసి దాని శ్రుతిని రవ్వంత తప్పించండి. శబ్దం ఒక్కసారిగా లావెక్కుతుంది, అదే డిట్యూన్.

మళ్ళీ శాకి వచ్చి లో పాస్ ఫిల్టర్ పెట్టండి, ఇది కింది పౌనఃపున్యాలని వదిలి పైవాటిని ఆపే జల్లెడ. కటాఫ్ నాబ్‌ని మెల్లగా తగ్గిస్తుంటే పై పౌనఃపున్యాలు ఒక్కొక్కటే రాలిపోయి శబ్దం మొద్దుబారిపోతుంది. నోటితో 'ఆ' అంటూ ఆపకుండా 'ఊ'లోకి వెళ్ళండి, జరిగేది ఇంచుమించు అదే. రెజొనెన్స్ పెంచితే కటాఫ్ ఉన్న చోట శబ్దం సూదిలా పొడుస్తుంది. ముందు వాల్యూమ్ తగ్గించి, ఆ తర్వాతే రెజొనెన్స్ పెంచండి, చెవులు జాగ్రత్త.

అందరూ తడబడేది ఎన్వలప్ దగ్గర. కీ నొక్కినప్పటి నుంచి శబ్దం ఎలా లేచి ఎలా తగ్గాలో చెప్పేది ఇదే. అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ అని నాలుగు, కలిపి ఏడీఎస్‌ఆర్. అటాక్ శబ్దం పైకి లేవడానికి పట్టే సమయం, డికే కిందికి దిగే సమయం, రిలీజ్ వేలు తీశాక చచ్చిపోవడానికి పట్టే సమయం. సస్టెయిన్ మాత్రం సమయం కాదు, స్థాయి: వేలు కీ మీద ఉన్నంతసేపూ శబ్దం ఎంత ఎత్తులో నిలబడాలన్నది. మిగతా మూడూ సమయాలే కాబట్టి దీన్నీ అలాగే అనుకుని గంటల తరబడి తికమకపడేవాళ్ళు బోలెడుమంది. అటాక్ సున్నా, సస్టెయిన్ సున్నా, డికే కొంచెం పొడుగ్గా పెట్టి చూడండి, వీణ తీగ మీటినట్టు వస్తుంది. అటాక్ కాస్త పెంచి సస్టెయిన్ పైకి తోస్తే వేణువు దారి పడుతుంది.

ఎల్‌ఎఫ్‌ఓ (లో ఫ్రీక్వెన్సీ ఆసిలేటర్) కూడా ఆసిలేటరే, కాకపోతే చాలా నెమ్మది కాబట్టి దాన్ని మనం వినం, దానితో వేరే నాబ్‌ని ఊపిస్తాం. సెకనుకి 5, 6 సార్లు పిచ్‌ని (శ్రుతిని) ఊపిస్తే స్వరం వణుకుతుంది, అదే వైబ్రటో, కటాఫ్‌ని ఊపిస్తే వావ్ వావ్ అనే శబ్దం. ఇలా ఒకదానితో ఇంకోదాన్ని కదిలించడమే మాడ్యులేషన్.

ఒకసారికి ఒక్క స్వరమే పలికితే మోనో, ఎక్కువ పలికితే పాలీ. 1970లో వచ్చిన మినీమోగ్ అనే సింథ్ మోనోనే. మోనోలో గ్లైడ్ పెడితే ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారుతుంది, మనవాళ్ళ చెవికి ఇది ఇట్టే నచ్చుతుంది. సింథ్ మీద మన రాగాలు కొత్తేమీ కాదు: ముంబైలో చరణ్‌జిత్ సింగ్ అనే సంగీతకారుడు 1982లోనే రోలాండ్ కంపెనీ జూపిటర్-8 సింథ్, టీబీ-303 బేస్ సింథ్, టీఆర్-808 డ్రమ్ మెషీన్ పెట్టుకుని రాగాలు రికార్డు చేశారు.

చివరిది మిడి, వాయిద్యాలూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి, 1983లో వచ్చింది. ఇందులో శబ్దం ఉండదు, ఏ కీ, ఎంత గట్టిగా, ఎప్పుడు వదిలారు అనే సమాచారమే వైరులో వెళ్తుంది. ఎంత గట్టిగా అన్నది వెలాసిటీ, దానికి 127 దాకా అంకెలుంటాయి. కొనేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే మిడి కంట్రోలర్‌ని (ఈ సమాచారం పంపడమే తప్ప తనంతట శబ్దం చేయని కీబోర్డుని) సింథ్ అనుకుని కొంటే ఇంటికొచ్చి ఎంత నొక్కినా చప్పుడు రాదు, కంప్యూటర్‌కి తగిలించాల్సిందే. డబ్బా మీద వివరాలు చదవండి: పాలిఫనీ (ఒకేసారి ఎన్ని స్వరాలు పలుకుతాయన్నది) ఊసు లేదు, హెడ్‌ఫోన్ జాక్ లేదు అంటే అది దాదాపుగా కంట్రోలరే.