జంప్ టెస్టులో స్కోరు ఎప్పుడు చెప్పాలి?

నిలువు జంప్ స్కోరు వెంటనే చెబితే చాలామంది తర్వాతి జంప్ ఇంకాస్త గట్టిగా వేస్తారు. అందుకే జూన్‌లో చెప్పకుండా, సెప్టెంబరులో చెబుతూ టెస్టు పెడితే, పెరిగిన 2 సెంటీమీటర్లు శిక్షణ వల్లో హుషారు వల్లో తేలదు. ఏదో ఒక పద్ధతికే కట్టుబడండి.

వార్మప్ తర్వాత 3 జంప్‌లు, మధ్యలో నిమిషం విశ్రాంతి, చేతులు నడుం మీదే. జంప్ అవగానే "34.5" అని అంకె మాత్రమే చెప్పండి. ఒకరికి శభాష్ అని ఇంకొకరికి మానేయొద్దు.

అసలు తంటా పోలికతోనే. స్కోర్లు బోర్డు మీద రాస్తే పైవాళ్లకు పట్టుదల పెరగొచ్చు, అట్టడుగువాడు మూడో జంప్ మొక్కుబడిగా వేసెయ్యొచ్చు. వాడికి వాడి పాత స్కోరే చూపించండి. పోటీ ముదిరితే గాల్లో మోకాళ్లు ముడిచేవాళ్లూ ఉంటారు. కాంటాక్ట్ మ్యాట్ (పాదాలు లేచిన, దిగిన క్షణాలను పసిగట్టే చాప) మనిషి గాల్లో ఉన్న సమయాన్ని బట్టే ఎత్తు లెక్కిస్తుంది కాబట్టి అంకె ఉత్తినే పెరుగుతుంది. అలాంటి జంప్‌ను లెక్కలోంచి తీసేసి మళ్లీ వేయించండి.