చవకలో కారు డీటెయిలింగ్ – 4వ పాఠం: కొండ దిగిన బండి లోపలి పని, గంటలో

గత పాఠంలో బయటి వాటర్ వాష్ అయిపోయింది. ఇప్పుడు తలుపు తెరుద్దాం.

తిరుపతిలో తక్కువ ధరకు బండి శుభ్రం చేయమని వచ్చేవాళ్ళలో రెండు రకాలను గుర్తుపెట్టుకోండి. ట్రిప్పుకీ ట్రిప్పుకీ నడుమ గంట చిక్కిన ట్రావెల్స్ డ్రైవరు ఒకరు. దర్శనం ముగించుకుని ఊరికి బయల్దేరబోతున్న కుటుంబం ఇంకొకటి. ఇద్దరికీ షోరూమ్ మెరుపు అక్కర్లేదు. వాసన రాకూడదు, చేతికి జిడ్డు అంటకూడదు, సీటు తడిగా ఉండకూడదు. ఈ మూడూ ఇవ్వగలిగితే చాలు. రేటు తగ్గించాలంటే పని హద్దు తగ్గించండి, వాడే క్లీనింగ్ మందు నాణ్యత తగ్గించకండి. ఎందుకో లెక్క దగ్గర చూద్దాం.

ఇద్దరు మనుషులు, అయిదు సీట్ల బండి, 60 నిమిషాలు. ఏడు సీట్లదైతే 90. ఇంత వేగం చేతుల్లోంచి రాదు, పని వరసలోంచి వస్తుంది: పైనుంచి కిందికి, పొడి పని ముగిశాకే తడి పని. దుమ్ము ఉండగానే నీళ్ళు చల్లితే అది బురదై సీటు గుడ్డ నేతలోకి దిగుతుంది. అరగంట పని గంటన్నర అవుతుంది.

మొదటి అయిదు నిమిషాలు

బండిని నీడలో పెట్టి నాలుగు తలుపులూ, డిక్కీ తెరవండి. మన ఎండలకు డాష్‌బోర్డు కాలిపోతూ ఉంటుంది. దాని మీద క్లీనరు పడగానే ఆరిపోయి చారలు కడుతుంది. బండి చల్లబడేలోగా మ్యాట్లు తీసి బయట దులపండి. బిల్లలు, రసీదులు, దర్శనం టికెట్లు అన్నీ ఒక సంచిలో వేసి డ్రైవరు చేతికివ్వండి. చిత్తు కాగితమని మీకై మీరు ఏదీ పారేయొద్దు.

డాష్‌బోర్డు మీది స్వామిని మీరు కదపకండి, ఓనరునే తీసి ఇమ్మనండి. శుభ్రమైన గుడ్డ పరచి ఎత్తయిన చోట పెట్టించండి, నేల మీద మాత్రం వద్దు. ఇక్కడ గౌరవం తప్పితే ఎంత బాగా తుడిచినా ఆ బండి మళ్ళీ మీ దగ్గరికి రాదు. బండి మళ్ళీ కొండెక్కేదైతే సీట్ల కింద సిగరెట్టు పెట్టెలు, గుట్కా పొట్లాలు ఏమైనా ఉన్నాయేమో చూసి చెప్పండి. కొండ కింది అలిపిరి తనిఖీలో ఇబ్బంది పడేది డ్రైవరే.

పొడి పని: 20 నిమిషాలు

20 నుంచి 30 లీటర్ల వెట్ అండ్ డ్రై (తడినీ పొడినీ పీల్చే) వ్యాక్యూమ్ చాలు. ముందుగా మెత్తటి పెయింటు బ్రష్షుతో ఏసీ గ్రిల్లులు, గేరు చుట్టూ, బటన్ల సందులు దులుపుతూ, రెండో చేత్తో నాజిల్ పక్కనే పట్టుకోండి. ఆ తర్వాత సీట్లు, చివరికి నేల. సీటును పూర్తిగా ముందుకు జరిపి ఒకసారి, వెనక్కి జరిపి ఒకసారి పట్టాల సందుల్లో సన్న నాజిల్ తిప్పండి. లడ్డూ బూంది, కలకండ ముక్కలు దాక్కునేది అక్కడే. వదిలేస్తే తెల్లారేసరికి చీమలు బారులు తీరతాయి.

గుండు చేయించుకున్నవాళ్ళ బట్టల నుంచి రాలిన సన్న వెంట్రుకలను వ్యాక్యూమ్ పీల్చలేదు, అవి నేతలో గుచ్చుకుని ఉంటాయి. రబ్బరు చేతొడుగు కాస్త తడిపి ఒకే దిక్కుకు రాస్తే ఉండలు కట్టి పైకి వస్తాయి.

సీట్ల కింద పసుపు రంగు వైర్లు, కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి. లాగొద్దు, ఊడదీయొద్దు, అక్కడ నీళ్ళు చల్లొద్దు.

మరకలు: పాఠంలో అసలు పని ఇదే

అన్ని మరకలకూ ఒకే సీసా పనికిరాదు. ముందు అదేంటో తెలుసుకోండి, మందు తర్వాత.

పసుపు. వాహన పూజ చేసిన బండిలో ఇది తప్పదు, చాలామంది పొరపాటు చేసేదీ ఇక్కడే. ఆల్ పర్పస్ క్లీనర్లు సాధారణంగా క్షార గుణం ఉన్నవి. పసుపులో సున్నం కలిస్తే పారాణి ఎర్రబడినట్టే, క్లీనరు పడగానే సీటు మీది పసుపు ఎర్రగా మారుతుంది. ఓనరు చూశాడంటే గొడవే. అందుకే ముందు పొడిగా పీల్చండి. మిగిలిన రంగు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన తెల్లగుడ్డ అద్దండి, రంగు గుడ్డకు ఎక్కుతుంది. గుడ్డ మడత మారుస్తూ అద్దండి, రుద్దకండి. రంగు సీటుదే ఊడుతుందేమో ముందుగా సీటు వెనక కనబడని చోట పరీక్షించండి. పొరపాటున ఎర్రబడితే వైట్ వెనిగర్ ఒక వంతు, నీళ్ళు రెండు వంతులు కలిపి అద్దితే మళ్ళీ పసుపు రంగుకు తిరుగుతుంది. అప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టండి. మిగిలిపోయే లేత ఛాయను ఎండ క్రమంగా తినేస్తుంది. ఈ మాట ఓనరుకు ముందే చెప్పండి. మీటరు పైనుండే పారదర్శక మూతకూ, టచ్ స్క్రీనుకూ ఆల్కహాల్ తాకనీయొద్దు. మూతకు సన్న పగుళ్ళు రావచ్చు, స్క్రీను పైపూత పోవచ్చు.

కుంకుమ. తడి తగిలితే పరుచుకుంటుంది. పూర్తిగా పీల్చేదాకా నీటి చుక్క పడకూడదు.

గంధం. గుండ్ల మీద రాసుకున్నది హెడ్‌రెస్టులకూ పైకప్పు గుడ్డకూ అంటుతుంది. ఎండిన గంధం పొడిలా రాలుతుంది కాబట్టి బ్రష్షుతో దులిపి పీల్చండి. మిగిలినదానికి గట్టిగా పిండిన తడిగుడ్డ చాలు. పైకప్పు మీద నేరుగా స్ప్రే చేయొద్దు. ఆ గుడ్డను పట్టి ఉంచేది జిగురే. నానితే వదులై గుడారంలా వేలాడుతుంది, దానికి మీరు కట్టే నష్టం పది బండ్ల సంపాదన.

లడ్డూ నెయ్యి. పైనున్నది ప్లాస్టిక్ కార్డుతో గీకండి. మొక్కజొన్న పిండి చల్లి 10 నిమిషాలు వదిలేస్తే జిడ్డు పీలుస్తుంది. ఆపైన లీటరు గోరువెచ్చని నీటిలో ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, అంచు నుంచి నడిమికి అద్దండి. చివర్లో ఉత్త నీటి గుడ్డతో రెండుసార్లు తుడవడం మరవొద్దు. సబ్బు మిగిలితే దానికి దుమ్ము పట్టి అదే చోట వారంలో నల్లబడుతుంది, మీరు తీయలేదనుకుంటారు.

వాంతి. ఘాట్ రోడ్డు మలుపుల పుణ్యమా అని ఇది తరచూ వస్తుంది. చేతొడుగులు, మాస్కు వేసుకోండి. గట్టిది గీకి తీసేయండి. వేడి నీళ్ళు వాడొద్దు, అందులోని మాంసకృత్తులు నేతకు పట్టేస్తాయి. బేకింగ్ సోడా చల్లి 20 నిమిషాలు ఆగి పీల్చండి. అది పుల్లటి వాసనను చాలావరకు అణుస్తుంది. స్పంజిలోకి దిగితే మాత్రం ఎంజైమ్ క్లీనరు కావాలి, అది పనిచేయడానికి తడి నిలవాలి, ఆరడానికి మళ్ళీ సమయం కావాలి. గంట ప్యాకేజీలో అది కుదరదని ముందే చెప్పి వేరే రేటు చెప్పండి. ఫినాయిలు, ఘాటు సెంటు కొట్టి దాచకండి. రెండు వాసనలు కలిస్తే తర్వాతి ట్రిప్పులో ఇంకొకరు వాంతి చేసుకుంటారు.

సీటు బెల్టుకూ తగిలి ఉంటే పూర్తిగా బయటికి లాగి క్లిప్పు పెట్టి తుడవండి, ఆరాకే వదలండి. బ్లీచింగ్ తగలకూడదు, బెల్టు పట్టు సడలుతుంది.

ఏ మరకకైనా సీటుకు 200 మిల్లీలీటర్లకు మించి తడి పోనీయకండి. మరక ఒక్కటే తడిపితే ఆరాక గుండ్రటి అంచు మిగులుతుంది, కాబట్టి చివరి తుడుపు కుట్టు నుంచి కుట్టు దాకా ఆ ముక్కంతా సాగాలి. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్ళు నల్ల సీట్ల మీద తెల్ల చారలు వదులుతాయి. మందు కలపడానికీ చివరి తుడుపుకూ క్యాను నీళ్ళు వాడండి.

ప్లాస్టిక్, అద్దాలు

ఆల్ పర్పస్ క్లీనరు ఒక వంతుకు 10 వంతుల నీళ్ళు. గుడ్డ మీద స్ప్రే చేసి తుడవండి, ప్లాస్టిక్ మీద నేరుగా కాదు. జిడ్డు మెరుపు పాలిష్ అడిగినా వద్దని చెప్పండి. ఎండలో అది ముందద్దం మీద ప్రతిబింబించి డ్రైవరు కళ్ళకు కొడుతుంది, దుమ్మూ పట్టేస్తుంది. స్టీరింగుకూ పెడళ్ళకూ అయితే ఎవరడిగినా పాలిష్ పెట్టొద్దు. బ్రేకు మీద కాలు జారితే ఘాట్‌లో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అద్దాలు అన్నిటికన్నా చివర, రెండు గుడ్డలతో: ఒకటి తడికి, ఒకటి పొడికి. అద్దాలకు సన్ ఫిల్ము అంటించి ఉంటే అమ్మోనియా ఉన్న క్లీనరు వాడకండి.

లెక్క

క్లీనరు లీటరు 400 రూపాయలకు కొన్నారనుకుందాం. బండికి అర లీటరు ద్రావణం అంటే అసలు మందు 45 మిల్లీలీటర్లు, 18 రూపాయలు. 60 రూపాయల మైక్రోఫైబర్ గుడ్డ 50 ఉతుకులు వస్తే ఒక్కో వాడకానికి రూపాయి ఇరవై పైసలు, ఎనిమిది గుడ్డలకు దాదాపు 10. 1500 వాట్ల వ్యాక్యూమ్ 20 నిమిషాలకు అర యూనిట్ కరెంటు. మిగతా చిల్లర మందులు కలిపినా 50 దాటదు. నాసిరకం మందు కొని మిగిల్చేది 10 రూపాయలు, మరక తిరిగొచ్చి బండి మళ్ళీ మీ దగ్గర నిలబడితే పోయేది ఇద్దరి గంట. గుడ్డలను కంఫర్టు లాంటివి వేసి ఉతకకండి, పోగులు మూసుకుని తడి పీల్చవు.

అభ్యాసం

పాత సీటు కవరు ఒకటి తీసుకుని పసుపు, కుంకుమ, నెయ్యి మూడు చోట్ల అంటించండి. ఒక రాత్రి ఆరనిచ్చి పైన చెప్పిన వరసలో తీయండి, ఒక్కోదానికి పట్టిన నిమిషాలు రాసుకోండి. నాలుగో చోట మళ్ళీ పసుపు పెట్టి, దాని మీద కావాలనే క్లీనరు చల్లి ఆ ఎరుపు చూడండి, వెనిగర్‌తో వెనక్కి తెప్పించండి. మూడు మరకలూ కలిపి 15 నిమిషాల్లో తీయగలిగిన రోజున కస్టమరు సీటు ముట్టుకోండి.

5వ పాఠం: ఘాట్ దిగిన చక్రాల మీది బ్రేకు పొడి.