గోడలో దాగిన చెమ్మ, బూజు: గుర్తును బట్టి కారణం, కారణాన్ని బట్టి మరమ్మతు

గోడ మీద మరక ఎక్కడ కనిపిస్తే నీరు అక్కడే లోపలికి వస్తోందని అనుకోవడం వల్లనే చాలా ఇళ్లలో మరమ్మతు ఖర్చు వృథా అవుతుంది. స్లాబులో చేరిన నీరు ఇనుప కడ్డీల వెంట, కరెంటు పైపుల వెంట, ఇటుకల సందుల వెంట పాకి, దారి దొరికిన చోట బయటపడుతుంది. పై అంతస్తు స్నానాల గదిలో కారిన నీరు కింది పడకగదిలో ఫ్యాను కొక్కెం దగ్గర తేలడం హనుమకొండ, కాజీపేట కాలనీల్లోని రెండంతస్తుల ఇళ్లలో అరుదైన సంగతేమీ కాదు. అందుకే మేస్త్రీని పిలవడానికి ముందు ఆ తడి ఎప్పుడు పెరుగుతోందో ఇంటివారే గమనించాలి. మరక అంచు వెంట పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేయండి. వాన పడిన రోజున తడి ఆ గీత దాటిందా, ఇంట్లో అందరి స్నానాలు అయ్యాక దాటిందా, ఏ సంబంధమూ లేకుండా రోజూ ఒకే తీరున పెరుగుతోందా అన్నది కొన్నాళ్లపాటు రాసుకుంటే కారణం సగం తేలిపోతుంది. వానతో పెరిగితే డాబాను, పిట్టగోడను, సజ్జలను అనుమానించాలి. స్నానాలతో పెరిగితే టైల్సు సందులను, మురుగు పైపును చూడాలి. ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటే నీళ్ల పైపు కారణం కావచ్చు. గోడ అడుగు భాగానికే పరిమితమైతే తడి నేలలో నుంచి వస్తున్నట్టు.

కనిపిస్తున్నది ఉప్పా, బూజా?

తెల్లగా పొడిపొడిగా లేచినది చాలాసార్లు బూజు కాదు, ఇటుకలోను సిమెంటులోను ఉన్న లవణాలు నీటితో పాటు పైకి వచ్చి ఆరి మిగిలిన ఉప్పు. దాని మీద నీళ్లు చిలకరిస్తే కరిగిపోతుంది, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. బూజు నీటికి కరగదు. నల్లగానో పచ్చగానో చుక్కలు చుక్కలుగా మొదలై వలయాలుగా వ్యాపిస్తుంది, మట్టివాసన వేస్తుంది. నల్లటి మచ్చ బూజా, దీపం మసా అన్న సందేహం ఉంటే పలుచని బ్లీచింగ్ ద్రావణం ఒక చుక్క వేసి చూడండి. ఒకటి రెండు నిమిషాల్లో రంగు వెలిస్తే అది బూజే అయ్యే అవకాశం ఎక్కువ. మసి అయితే అలాగే ఉంటుంది. ఏమీ కనిపించకుండా వాసన మాత్రమే వస్తుంటే బీరువా వెనుక, అల్మారా అడుగు ప్లైవుడ్డు వెనుక, పీవోపీ సీలింగు పైన టార్చి లైటుతో వెతకాలి. ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లో ఈ వాసనను వానాకాలపు మామూలు వాసనగా తీసుకోవద్దు. చెమ్మకు, బూజుకు ఉబ్బసంతోను శ్వాసకోశ వ్యాధులతోను ఉన్న సంబంధాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాల్లోనే చెప్పింది.

వాన పడితేనే స్లాబు కింద మరక

వాన వెలిసిన గంటకు డాబా ఎక్కి, నీరు నిలిచిన ప్రతి గుంట చుట్టూ సుద్దముక్కతో గీయండి. నూరడుగులకు కనీసం ఒక అడుగు వాలు లేని డాబా మీద నీరు నిలుస్తుంది, నిలిచిన నీరు సన్నని పగులును కూడా వదలదు. ఆకులతో, పావురాల గూళ్లతో మూసుకుపోయిన నీటి గొట్టాలు, పిట్టగోడ స్లాబుతో కలిసే మూల, ట్యాంకు దిమ్మెల అడుగు, సోలార్ హీటరు కోసమో డిష్ కోసమో దించిన బోల్టులు తర్వాత చూడవలసిన చోట్లు. మోటారు ఆపడం మరిచినప్పుడు ట్యాంకు నిండి పొర్లే నీరు ఎక్కడ పడుతోందో కూడా చూడండి. ఆ నీరు రోజూ పిట్టగోడ మీదుగా గోడలోకి దిగుతూ ఉంటే, ఎండాకాలంలోనూ ఆరని మరకకు కారణం ఏమిటో ఎవరికీ అంతుపట్టదు.

మరమ్మతులో క్రమం ముఖ్యం. ముందు పగుళ్లను ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాలి. తర్వాత గుంటలు పూడేలా వాలు సరిచేసి, పిట్టగోడ మూల వెంట సిమెంటు అంచును గుండ్రంగా తీర్చాలి. ఇవన్నీ అయ్యాకే వాటర్‌ప్రూఫింగ్ పూత రెండుసార్లు, ఒకదానికొకటి అడ్డంగా, పిట్టగోడ మీద అడుగు ఎత్తు దాకా వేయాలి. వాలు సరిచేయకుండా నిలిచే నీటి మీద ఎంత ఖరీదైన పూత పూసినా అది ఎక్కువ కాలం నిలవదు, ఆ డబ్బు వాలుకు పెట్టడమే మేలు.

ఒక గుర్తును మాత్రం ఇంటివారు సొంతంగా సరిచేయాలని చూడకూడదు. స్లాబు అడుగున తుప్పు రంగు చారలు వరుసగా కనిపిస్తే, రూపాయి బిళ్లతో తట్టినప్పుడు బోలు చప్పుడు వస్తే, లోపలి కడ్డీలు తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును తోస్తున్నాయని అర్థం. దాని మీద లప్పం పెట్టడం ప్రమాదాన్ని కప్పిపెట్టడమే అవుతుంది. ఆ గదిలో మంచాలు తీసేసి స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాలి.

ఏ కాలంలోనైనా తడిగా ఉండే గోడ

ముందు పైపును పరీక్షించండి. రాత్రి అందరూ పడుకునే ముందు ట్యాంకు నింపి, లోపల నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి, ఇంట్లో నల్లాలన్నీ కట్టేయండి. తెల్లవారేసరికి మట్టం తగ్గితే మరుసటి రాత్రి ట్యాంకు కిందనే ఉన్న వాల్వు కూడా మూసి మళ్లీ చూడండి. వాల్వు మూసినా తగ్గితే లోపం ట్యాంకుది, మూసినప్పుడు నిలిచి తెరిచినప్పుడు తగ్గితే వాల్వుకు దిగువన ఉన్న పైపుదో ఫ్లష్ ట్యాంకుదో. ఫ్లష్ ట్యాంకులో కొంచెం రంగు నీళ్లు కలిపితే ఆ అనుమానం కూడా తీరుతుంది: ఎవరూ ఫ్లష్ చేయకుండానే రంగు కమోడులోకి దిగుతుంటే కారుతున్నది అదే. గీజరు ఆన్ చేసినప్పుడు గోడలో ఒక చోట వెచ్చగా తగులుతుంటే వేడినీటి పైపు జాయింటు వదిలి ఉండవచ్చు. పటం తగిలించడానికో గీజరు బిగించడానికో కొట్టిన మేకు గోడలోని పైపును గీరుకొని, నెలలు గడిచాక జాలు మొదలవడమూ ఉంది. మేకు తల మీద నీటి బొట్టు నిలిచి ఉండటమే దానికి గుర్తు.

పైపులో లోపం లేకపోతే స్నానాల గది నేలను పరీక్షించాలి. నహానీ ట్రాపును (నేల మీది నీరు మురుగు పైపులోకి దిగే జాలీ రంధ్రాన్ని) గుడ్డతో గట్టిగా బిగించి, నేల మీద అంగుళం మేర నీరు నింపి 24 గంటలు అలాగే ఉంచి, కింది గది సీలింగు చూడండి. తడి దిగితే టైల్సు సందులో, నేల గోడ కలిసే మూలో కారణం. దిగకపోతే నీరు వదిలేసి, మిఠాయిల్లో వాడే రంగు కలిపిన బకెట్టు నీరు ట్రాపులో పోయండి. కింద రంగు కనిపిస్తే ట్రాపు చుట్టూ ఉన్న సిమెంటో, మురుగు పైపు జాయింటో వదిలినట్టు. సందుల్లో పాత సిమెంటు గీకి ఎపాక్సీ గ్రౌటు నింపడం సగటు మేస్త్రీ ఒకరోజులో చేయగల పని. ట్రాపు వదిలితే మాత్రం నాలుగైదు టైల్సు పగలగొట్టక తప్పదు.

తడి గోడలో స్విచ్ బోర్డు ఉంటే ఈ పరీక్షలన్నిటికంటే ముందు ఆ గది కరెంటు ఆపాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేని ఇంట్లో తడి గోడను ముట్టుకోవడమే ప్రమాదం.

నేల నుంచి మూడడుగుల దాకా ఊడిపోయే గిలాబు

పునాది మీద తడిని ఆపే పొర వేయని పాత ఇళ్లలో నేల తడి ఇటుకల గుండా దాదాపు మూడడుగుల ఎత్తుకు ఎగబాకి, అక్కడ ఉప్పు గీతగా నిలుస్తుంది. మన సందుల్లో మరో కారణం కూడా ఉంది. పాత సీసీ రోడ్డు తీయకుండా దాని మీదే కొత్తది వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరిగి, ఇంటి గచ్చు వీధికంటే కిందికి పోతుంది. నల్లరేగడి నేల అయితే ఎండకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బి, భూమిలోని పైపు జాయింట్లను కదిలిస్తుంది.

ఇక్కడ చాలామంది చేసేది ఊడిన చోట సిమెంటు గిలాబు చేసి మూడడుగుల ఎత్తుకు టైల్సు అంటించడం. తడికి బయటపడే దారి మూసుకుపోయి అది టైల్సు పైకి, నాలుగడుగులకు ఎక్కుతుంది. చేయవలసింది బయటి పని: గోడను ఆనుకొని పేరుకున్న మట్టి తీసి, ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలేలా సిమెంటు గచ్చు వేసి, మోరీ నీరు గోడను తాకకుండా మళ్లించాలి. అప్పటికీ తగ్గకపోతే గోడ అడుగున వరుసగా రంధ్రాలు వేసి నీటిని తిప్పికొట్టే మందు ఎక్కించే పద్ధతి ఉంది. అది అలవాటున్న వాళ్లే చేయాలి. మట్టి గోడల పెంకుటిళ్లకు సిమెంటు గిలాబు అసలే వద్దు, సున్నం గిలాబే వాటికి సరైనది.

బీరువా వెనుక, కూలరు పక్కన

కిటికీకి బిగించిన కూలరు తొట్టి కారితే వేసవి పొడవునా గోడ, చెక్క చట్రం నానుతాయి. బయటి గోడను ఆనుకొని పెట్టిన బీరువా వెనుక గాలి ఆడక బూజు పుడుతుంది. తొట్టి మార్చండి, బీరువాను జానెడు ముందుకు జరపండి. చుట్టి గోడకు ఆనించిన వరంగల్ కొత్తవాడ దర్రీలను వానాకాలంలో నెలకోసారి విప్పి ఎండలో వేయాలి.

వరద నీరు ఇంట్లోకి వచ్చి ఉంటే

2020 ఆగస్టులోను, 2023 జూలైలోను వరంగల్ కాలనీల్లో నీరు నిలిచిన ఇళ్లకు గడువు చాలా తక్కువ ఉంటుంది, ఎందుకంటే తడిసిన సామాను 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ ఆపే ఉంచండి. నానిన పరుపులు, దిండ్లు దాచుకోవద్దు, మురుగు కలిసిన నీటిలో నానినవి ఎండలో వేసినా పనికిరావు. అల్మారాల అడుగు పలకలు ఊడదీసి వాటి కింద చేరిన బురదను కడగడం ఎక్కువ మంది మరిచే పని, ఆర్నెల్ల తర్వాత వాసన అక్కడి నుంచే వస్తుంది.

బూజును తీయడం

బూజు పట్టిన చోటు పది చదరపు అడుగుల లోపు అయితే ఇంటివారే తీయవచ్చు. అంతకు మించితే, లేదా ఇంట్లో ఉబ్బసం రోగులుంటే, పని తెలిసిన వారికి అప్పగించాలి. ఎన్‌95 మాస్కు, కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు వేసుకొని, ఫ్యాను ఆపి, కిటికీ తెరిచి, ముందు ఆ చోటును తడపాలి. పొడిగా బ్రష్షుతో గీకితే బూజు రేణువులు ఇల్లంతా లేస్తాయి. సబ్బు నీటితో రుద్ది కడిగి ఆరబెట్టడమే ప్రధానమైన పని. బ్లీచింగ్ వాడేవారు దాన్ని మరుగుదొడ్డి యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, ఆ రెండూ కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. బూజు లోపలికి దిగిన ప్లైవుడ్డును, పీవోపీని కడిగి లాభం లేదు, తీసేయాలి.

రంగు ఎప్పుడు వేయాలి

బతుకమ్మ, దసరాలకు ఇల్లు తళతళలాడాలని అందరికీ ఉంటుంది. కానీ ఆ పండుగలు సరిగ్గా వానలు వెనుకబట్టే వేళ, గోడ లోపల ఇంకా నిండా నాని ఉన్నప్పుడే వస్తాయి. అప్పుడు వేసిన లప్పం, ఎమల్షన్ తడిని లోపలే బంధించడంతో సంక్రాంతి నాటికి పొక్కులు లేస్తాయి. నానిన గోడ మందంలో ప్రతి అంగుళానికి సుమారు ఒక నెల ఆరే కాలం అన్నది నిర్మాణ రంగంలో వాడుకలో ఉన్న మోటు లెక్క. మన ఎండలకు కొంత త్వరగానే ఆరవచ్చు. అందుకని ఆ ఒక్క గోడకు ఆ ఏడు వట్టి సున్నం వేసి ఊరుకోండి, సున్నం తడిని బయటికి వదులుతుంది. ఫిబ్రవరి దాటాక అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి 24 గంటలు ఉంచండి. గోడ వైపు తడి పట్టితే లోపల ఇంకా నీరు ఉంది, మరో నెల ఆగాలి. గది వైపు మాత్రమే తడి పట్టితే అది గాలిలోని తేమ, దానికి కిటికీలు తెరిచి గాలి ఆడేలా చూడటమే మందు. రెండు వైపులా పొడిగా ఉంటే ప్రైమరు, ఆ తర్వాత లప్పం మొదలుపెట్టవచ్చు.